మత్తు డాక్టరు అడిగే ప్రశ్న

మంత్రాలయం చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా పెద్ద ఆపరేషను పడితే ఆదోనికో, నది దాటి రాయచూరుకో, లేదా కర్నూలు పెద్దాసుపత్రికో పోవాలి. అక్కడ ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు వచ్చి, “మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది అయిందా?” అని అడుగుతారు. చాలామంది ఆలోచించకుండానే “లేదండీ” అనేస్తారు. ఆ ప్రశ్న వెనుక ఉన్న సంగతి మన కుటుంబాలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

గొంతులోకి శ్వాసగొట్టం వేసేటప్పుడు కండరాలు వదులు కావడానికి స్కోలిన్ అనే మందు ఇస్తుంటారు. మన రక్తంలోని ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరగ్గొడుతుంది. రోగి మళ్లీ తనంతట తాను ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము లేనివారికి మాత్రం మందు గంటల తరబడి దిగదు. మనిషి కదలలేడు, ఊపిరి తీయలేడు. వెంటిలేటరు మీద పెట్టి కనిపెట్టుకొని ఉంటే దానంతటదే దిగిపోతుంది. ఆ వసతి లేని చోట అయితే ప్రాణాపాయమే. మామూలు రోజుల్లో ఆ మనిషి నిక్షేపంగా ఉంటాడు గనుక బల్ల ఎక్కేదాకా ఎవరికీ తెలియదు.

ఈ లోపానికి కారణమైన జన్యు మార్పు ఒకటి వైశ్య కుటుంబాల్లో ఉన్నట్టు 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి ప్రకటించారు. జన్యువులో మారింది ఒకే ఒక్క అక్షరం! హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్ తదితరులు 2017లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు నూరు రెట్లు ఎక్కువ. ఇది ఎవరి తప్పూ కాదు. కొద్దిమంది పూర్వీకుల నుండి పెరిగి, తరతరాలుగా తమలో తామే సంబంధాలు కలుపుకొన్న ఏ సమూహంలోనైనా ఏదో ఒక లోపం ఇలా పేరుకుంటుంది. వారు పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 ఇటువంటివే. గుడికి వస్తూ కూడా పెండ్లి దగ్గర కులం చూడడం మానని మనకు, మేనరికాలు వదలని మన సీమకు ఇది వర్తించదా?

పదివేలమంది భారతీయుల జన్యు సమాచారాన్ని చదివిన జీనోమ్ ఇండియా వివరాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. గొప్ప పనే. అయితే దాని ఫలం ఆదోని ఆసుపత్రి మంచం దాకా రావాలంటే చిన్న చిన్న పరిశోధనలకు డబ్బు కావాలని మా అభిప్రాయం. ఆపరేషనుకు వచ్చేవారికి ముందే ఎంజైము రక్తపరీక్ష చేస్తే ఎందరు బయటపడతారు? ఎంత ఖర్చవుతుంది? ఇటువంటి ప్రశ్నకు పెద్ద సంస్థ అక్కరలేదు. ఆసక్తి గల ఒక మత్తు డాక్టరు, ఒక ల్యాబు, కొద్దిపాటి సొమ్ము చాలు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2019లో ‘ఉమ్మీద్’ పేరుతో పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధుల పరీక్షలను జిల్లాలకు తీసుకుపోవడం మొదలుపెట్టింది. రాయచూరు పక్కనున్న యాదగిరి జిల్లాను అందులో చేర్చింది. మన వైపు డాక్టర్లకూ అటువంటి చేయూత దొరకాలి.

ఈలోగా మీ ఇంట్లో ఆపరేషను తరువాత ఎవరైనా చాలాసేపు ఊపిరి తీయలేక వెంటిలేటరు మీద ఉండి ఉంటే, ఆ కాగితాలు పారేయకండి. మత్తు డాక్టరుకు చూపించండి, స్కోలినుకు బదులు వేరే మందు వాడతారు. తోబుట్టువులకూ కబురు చేయండి. తల్లిదండ్రులిద్దరిలో ఆ మార్పు ఒక్కొక్క పాలు ఉంటే, ఒక్కొక్క బిడ్డకు ఈ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.