పేగు దారి మళ్లించాక

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవారిని మన ఇళ్లలో, పెళ్లిపందిళ్లలో ఎంత తేలిగ్గా మాటలంటారో చూస్తూనే ఉంటాం. "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంది" అనేస్తారు. అలా అనేవారు ఊహించుకునేది ఒక్కటే: పొట్ట చిన్నదైంది, తిండి తగ్గింది, మనిషి చిక్కింది. నిజంగా అంతే అయితే ఆ మనిషి రోజంతా ఆకలితో అల్లాడాలి. కేవలం తిండి తగ్గించి బరువు తగ్గినవారికి జరిగేది అదే. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరుగుతుంది, ఒళ్లు ఖర్చుచేసే శక్తి తగ్గుతుంది, పోయిన బరువును తిరిగి రాబట్టుకోవడానికి శరీరం పట్టుబడుతుంది. ఆపరేషన్ అయినవారిలో చాలామందికి మాత్రం ఆకలే మందగిస్తుంది. కొందరికి తీపి మీద, నూనెలో వేయించినవాటి మీద మనసే పోదు. ఈ తేడాకు కారణం వెతుక్కుంటూ వెళ్లిన శాస్త్రవేత్తలు పేగుల్లోని బ్యాక్టీరియా దాకా చేరారు.

మొదటి ఆశ్చర్యం షుగర్ వ్యాధి దగ్గర ఎదురైంది. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం గ్రీన్‌విల్‌లో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ 1995లో తన రోగుల లెక్క బయటపెట్టాడు. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న 608 మందిలో 146 మందికి అంతకుముందు షుగర్ ఉండేది. వాళ్లలో 121 మందికి అది మామూలు స్థాయికి వచ్చి అక్కడే నిలబడింది. కొందరికైతే బరువు చెప్పుకోదగ్గంత తగ్గకముందే, రోజుల్లోనే రక్తంలో చక్కెర దిగివచ్చింది. ఆపరేషన్ అయిన తొలిరోజుల్లో రోగి దాదాపు ఏమీ తినడు కాబట్టి ఆ మెరుగుదలలో కొంత దాని పుణ్యమే. కానీ ఏళ్ల తరబడి నిలిచిన ఫలితానికి ఆ కారణం ఒక్కటే సరిపోదు.

బైపాస్‌లో ఏం చేస్తారో ఇక్కడ కాస్త నెమ్మదిగా చూడాలి. 1966లో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టిన ఆపరేషన్ ఇది, తర్వాత మెరుగులు దిద్దుకుంది. జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీస్తారు. చిన్నపేగును ఒకచోట కోసి, కిందిభాగం కొసను పైకి తెచ్చి ఆ సంచికి కుడతారు. మిగిలిన జీర్ణాశయాన్ని తీసేయరు. దాని ఆమ్లం, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం, క్లోమరసం తమ పాత దారినే దిగి, మీటరు, మీటరున్నర కింద ఆహారాన్ని కలుసుకుంటాయి. అంటే అన్నం ఒక కాలువలో, పైత్యం మరో కాలువలో పారి, చాలా కిందికి వెళ్లాక సంగమిస్తాయి.

కాలువ మారితే అందులో బతికేవి మారక తప్పదు. ఆమ్లం తాకిడి తగ్గడంతో, ఇదివరకు జీర్ణాశయంలోనే చచ్చిపోయే నోటి బ్యాక్టీరియా ప్రాణాలతో కిందికి దిగుతుంది. పూర్తిగా అరగని ఆహారం పేగు చివరి భాగానికి త్వరగా చేరుతుంది. ఈ మార్పులన్నిటి మధ్య ఈ.కోలై కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా వాటా పెరుగుతుంది. పేగు గోడ మీది జిగురు పొరను తిని బతికే అక్కర్‌మాన్సియా కూడా తరచుగా పెరుగుతుంది.

అయితే బ్యాక్టీరియా మారడం వల్ల బరువు తగ్గిందా, బరువు తగ్గడం వల్ల బ్యాక్టీరియా మారిందా? ఈ చిక్కుముడిని 2013లో బోస్టన్‌లో లీ కాప్లాన్, పీటర్ టర్న్‌బా బృందాలు చేసిన ప్రయోగం ఎంతో ఓపికగా విప్పింది. కొవ్వు మేతతో లావెక్కిన ఎలుకలను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు బైపాస్ చేశారు. రెండోదానికి పొట్ట తెరిచి, పేగు కోసి, దారి మార్చకుండా మళ్లీ కుట్టేశారు. మూడోదానికీ అదే ఉత్తుత్తి ఆపరేషన్ చేసి, బైపాస్ ఎలుకలతో సమానంగా బరువు తగ్గేలా మేత తగ్గించారు. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే విలువైనది ఆ మూడో గుంపే అనిపిస్తుంది. బైపాస్ ఎలుకల పేగుల్లో వారం తిరిగేసరికే వచ్చిన మార్పులు ఈ ఎలుకల్లో అదే తీరున రాలేదు. బరువు ఒకటే, బ్యాక్టీరియా వేరు.

ఆ తర్వాత పుట్టినప్పటినుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను తీసుకుని, వాటికి ఈ గుంపుల పేగు బ్యాక్టీరియాను ఎక్కించారు. బైపాస్ ఎలుకల బ్యాక్టీరియా అందుకున్నవి ఏ కోతా లేకుండానే రెండు వారాల్లో సుమారు 5 శాతం బరువు తగ్గాయి. ఉత్తుత్తి ఆపరేషన్ ఎలుకల బ్యాక్టీరియా అందుకున్నవాటికి అలా జరగలేదు. అసలు బైపాస్ ఎలుకలు తగ్గిన బరువుతో పోలిస్తే ఈ 5 శాతం చిన్న భాగమే. అయినా ఫలితంలో కొంత వాటా బ్యాక్టీరియాదేనని ఇంతకంటే సూటిగా చూపించడం కష్టం.

మనుషుల విషయంలో దీనికి దగ్గరగా వచ్చిన పరిశోధన 2015లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జరిగింది. ఆపరేషన్ అయి తొమ్మిదేళ్లు దాటిన మహిళల మలాన్ని ఫ్రెడ్రిక్ బేకెడ్ బృందం పరీక్షించింది. వారి పేగు బ్యాక్టీరియా అన్నేళ్ల తర్వాత కూడా ఊబకాయమున్న మహిళల బ్యాక్టీరియాకు భిన్నంగానే ఉంది. దాన్ని సూక్ష్మజీవుల్లేని ఎలుకలకు ఎక్కిస్తే, వాటి ఒంట్లో కొవ్వు తక్కువగా పేరుకుంది.

ఇంతకీ బ్యాక్టీరియా ఈ పని ఎలా చేస్తుంది? ముఖ్యమైన దారుల్లో ఒకటి పైత్యరసం మీదుగా పోతుంది. కాలేయం కొలెస్ట్రాల్ నుంచి పైత్య ఆమ్లాలు తయారుచేస్తుంది. అవి కొవ్వును అరిగించడానికే అని చిన్నప్పుడు చదువుకున్నాం. అవి హార్మోన్లలా కబుర్లు కూడా మోస్తాయి. పేగు బ్యాక్టీరియా వాటి రూపాన్ని మార్చేస్తుంది, రూపం మారితే కబురూ మారుతుంది. పేగు, కాలేయ కణాల్లో ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే గ్రాహకం ఆ కబురు అందుకుంటుంది. 2014లో రాండీ సీలీ బృందం ఎఫ్‌ఎక్స్‌ఆర్ లేని ఎలుకలకు స్లీవ్ ఆపరేషన్ చేసింది. అవి మొదట చిక్కినా, తర్వాత పోయిన బరువును తిరిగి తెచ్చుకున్నాయి. స్లీవ్‌లో పేగు దారి మార్చరు, జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగం నిలువునా కోసి తీసేస్తారు. పొట్ట చిన్నదవడమే అసలు సంగతైతే ఆ ఎలుకలకు బరువు తిరిగి రాకూడదు.

పైత్య ఆమ్లాల్లో కొన్ని పేగు గోడలోని ఎల్ కణాలను తట్టి జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. ఆహారం పేగు కిందిభాగానికి త్వరగా చేరడం కూడా ఆ పనే చేస్తుంది. బైపాస్ తర్వాత భోజనం చేసినప్పుడు ఈ హార్మోన్ అనేక రెట్లు పెరిగి ఇన్సులిన్‌ను పెంచుతుంది, కడుపు నిండిందని మెదడుకు చెబుతుంది. ఇప్పుడు అందరి నోటా వినబడుతున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ అనుకరించేది ఈ హార్మోన్‌నే. ఆ ఇంజెక్షన్ తీసుకున్నవారిని మందు వాడుతున్న రోగులుగా చూసి, ఆపరేషన్ చేయించుకున్నవారిని నిగ్రహం లేనివారిగా చూడటం అన్యాయం.

ఇదంతా చదివి, మంచి బ్యాక్టీరియా మింగితే ఆపరేషనే అక్కర్లేదనుకుంటే పొరపాటు. 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సన్నని మనుషుల మలంలోని బ్యాక్టీరియాను జీవక్రియ దెబ్బతిన్న లావుపాటి పురుషుల పేగుల్లోకి ఎక్కించారు. ఆరు వారాలకు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది, బరువు మాత్రం తగ్గలేదు. ఆపరేషన్‌కు బదులు కాగలిగే ప్రోబయోటిక్ క్యాప్సూల్ ఇవాళ ఏదీ లేదు. అలా చెప్పి అమ్మేవారిని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

బ్యాక్టీరియా మార్పు ఎప్పుడూ మేలే చేస్తుందనీ లేదు. 1950ల నుంచి 70ల దాకా చేసిన పాత పేగు బైపాస్‌లో చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని పనిలేకుండా వదిలేసేవారు. ఆ ఖాళీ పేగులో బ్యాక్టీరియా విపరీతంగా పెరిగేది. కొందరికి కీళ్లవాతం వచ్చింది, కొందరి కాలేయం పాడై ప్రాణాలు పోయాయి. ఆ ఆపరేషన్‌ను మానేశారు. ఇప్పటి ఆపరేషన్లు దానికంటే ఎంతో సురక్షితమైనవి, కానీ చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగి విటమిన్లను కాజేసే ప్రమాదం పూర్తిగా పోలేదు.

ఆసియావారికి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత) 27.5 దగ్గరే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో చెప్పాయి కాబట్టి, మన ఊళ్లలోనూ ఈ ఆపరేషన్ అయినవారు పెరుగుతారు. బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డీ మాత్రలు వారికి జీవితాంతం అవసరం. మాంసం, గుడ్డు ముట్టనివారు బీ12 విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. అన్నింటికంటే ముందు ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సింది థయమిన్, అంటే బీ1 గురించి. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో వాంతులు ఆగకపోతే అది అడుగంటి మెదడుకు శాశ్వతంగా దెబ్బతగలవచ్చు. అలాంటప్పుడు దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకోవడం మనకు అలవాటు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. వెంట వెళ్లినవారు డాక్టరుకు ముందుగా ఆపరేషన్ సంగతి చెప్పి, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వమని అడగాలి.