మీకు తెలుసా? పాలేటి ఒడ్డున ఒక కథాప్రపంచం

ఊహాలోకాన్ని కట్టి, పాత్రల నిర్ణయాలతో కథ నడపడం కంప్యూటర్ ఆటలతో పుట్టిన విద్య కాదు. కనిగిరి ప్రాంతంలోని పాలేరును, ఎర్రగడ్డపాడును రణరంగం చేసుకున్న జానపద వీరగాథ కాటమరాజు కథలో అది ఎప్పటినుంచో ఉంది.

ఆ లోకానికి పునాది ఒక్క నియమం: పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను. కరువుకు ఆలమందలతో దక్షిణానికి దిగిన కాటమరాజు, నెల్లూరు పాలకుడు నల్లసిద్ధితో ఒప్పందం చేసుకుంటాడు. పచ్చిక మేసినందుకు కోడెదూడలు రాజుకివ్వాలి. మరి వానలు లేక పచ్చికే మొలవకపోతే? యుద్ధం అక్కడే మొదలైంది. మార్కాపురం, గిద్దలూరు వైపు వాన కోసం ఆకాశం చూసే రైతుకు ఈ చిక్కుముడి విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక పాత్రలు. యుద్ధం నుంచి వెనుదిరిగిన నల్లసిద్ధి సేనాని ఖడ్గతిక్కనకు, ఆడవాళ్లకు పెట్టినట్టు, భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద ఉంచిందని చెబుతారు. దాంతో కథ మలుపు తిరిగింది. అతను మళ్లీ వెళ్లి ప్రాణం విడిచాడు. నా దృష్టిలో తెలుగు కథల్లో ఇంతకు మించిన మలుపు అరుదు. ఈ లోకంలో పశువు కూడా పాత్రే: బొల్లావు అనే ఆవు స్వయంగా పోరాడుతుంది.

కొమ్ములవారనే జానపద గాయకులు పాడుతూ నిలిపిన ఈ కథలను తంగిరాల వెంకటసుబ్బారావు సేకరించి, పరిష్కరించారు. ఆటలకు కథలు రాసే యువతీయువకులారా, ముందు వాటిని చదవండి. మీ ఊళ్లో పాడగలిగే పెద్దలుంటే ఈ వేసవిలోనే రికార్డు చేయండి.