వివిక్త గణితం హోంవర్కు: చూసి రాయడమా, చేసి రాయడమా?



డిగ్రీ వరకు ఈ హాస్టల్లోనే ఉండి, తర్వాత ఎం.సి.ఎ. చదివిన నలుగురం మేము. మా నాలుగు ఇళ్లల్లోనూ డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, మొదటి సెమిస్టరులో మమ్మల్ని ఏడిపించి, ఆ తర్వాత మాకెంతో ఇష్టమైన ఒక సబ్జెక్టు గురించి రాద్దామనుకున్నాం. దాని పేరు వివిక్త గణితం. కాలేజీలో అందరూ డిస్క్రీట్ మ్యాథ్స్ అంటారు. కంప్యూటర్ చదువులో ఏ దారిన వెళ్లినా ఇది ఎదురవుతుంది.

వివిక్తం అంటే విడివిడిగా ఉండేది. కాలువలో పారే నీళ్లను కొలుస్తాం. ఒడ్డున పెట్టిన బిందెలను లెక్కపెడతాం. ఇది లెక్కపెట్టేవాటి గణితం. తర్కం, సమితులు, సంబంధాలు, ప్రస్తారాలు-సంయోగాలు, గ్రాఫులు ఇందులోని పాఠాలు. కంప్యూటర్ పని అంతా 0, 1 అనే రెండు అంకెల మీదే నడుస్తుంది కాబట్టి ఈ గణితం దానికి పునాది.

ఈ సబ్జెక్టులో మాకు వారం వారం రెండు పనులు ఇచ్చేవారు. ఒకటి, క్లాసుకు ముందే కొన్ని పేజీలు చదివి రావడం. రెండు, కొన్ని లెక్కలు చేసి తేవడం. మేము మొదటిది మానేశాం, రెండోది చూసి రాశాం. హాస్టల్లో బకెట్టు ఒకరిది, సబ్బు ఒకరిది, ఇంటి నుంచి వచ్చిన పచ్చడి అందరిదీ. జవాబు కూడా అలాంటిదే అనుకున్నాం. ఒక సీనియర్ పాత నోటుబుక్కు దొరికితే నలుగురం దించేశాం.

అందులో ఒక లెక్క ఇది. 1+3=4, 1+3+5=9, 1+3+5+7=16. మొదటి నుంచి ఎన్ని బేసి సంఖ్యలు కూడితే, మొత్తం ఆ 'ఎన్ని'కి వర్గం అవుతుందని నిరూపించాలి. ఆ నోటుబుక్కులో ఐదు సంఖ్యల వరకు కూడి చూపించి, 'కావున నిరూపించబడినది' అని రాసి ఉంది. మా నాలుగు పుస్తకాల్లోనూ అదే తప్పు!

మా లెక్చరర్ గారు తిట్టలేదు. బోర్డు మీద ఇంకో లెక్క రాశారు. ఏదైనా ఒక సంఖ్య తీసుకోండి. దాని వర్గంలోంచి ఆ సంఖ్యను తీసేసి 41 కలపండి. 1కి 41, 2కి 43, 3కి 47, 4కి 53, 5కి 61 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇది ఆయిలర్ అనే గణితవేత్త 1772లో చెప్పిన సూత్రం. 40 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 41 దగ్గర ఏమవుతుంది? 41 వర్గంలోంచి 41 తీసి, మళ్లీ 41 కలిపితే మిగిలేది 41 వర్గమే, అంటే 1681. అది 41×41 కాబట్టి ప్రధాన సంఖ్య కాదు. నలభైసార్లు నిజమైంది నలభై ఒకటోసారి తప్పింది. మరి ఐదుసార్లు చూసి 'నిరూపించబడినది' అని ఎలా రాస్తాం?

ఇంటర్లో మేము బట్టీపట్టిన గణితానుగమనం ఎందుకో అప్పుడు అర్థమైంది. సైకిల్ స్టాండులో సైకిళ్లు ఆనుకుని వరుసగా ఉన్నాయనుకోండి. మొదటిది పడాలి. ప్రతి సైకిలూ పక్కదాన్ని పడేయాలి. ఈ రెండూ ఖాయమైతే వరుస ఎంత పొడవున్నా అన్నీ పడతాయి. బేసి సంఖ్యల లెక్కా అంతే. మొదటిది 1, దాని వర్గమూ 1. ఇక 'కే' సంఖ్యల మొత్తం కే వర్గం అనుకుందాం. తర్వాతి బేసి సంఖ్య 2కే+1. రెండూ కలిపితే (కే+1) వర్గం. ఇదీ నిరూపణ. రెండే వాక్యాలు. కానీ అవి మా బుర్రలోంచి రాలేదు గనుక మొదటి మిడ్‌లో మాకెవరికీ పాస్ మార్కులు రాలేదు.

ఆ తర్వాత మేము మార్చుకున్న పద్ధతులు ఇవి.

చదవడం: పెన్ను, కాగితం లేకుండా ఈ పుస్తకం తెరవకూడదు. నవలలాగా చదివితే ఏమీ మిగలదు. మూడు పేజీలకు గంట పట్టినా ఫర్వాలేదు. ప్రతి నిర్వచనానికీ సరిపోయే ఉదాహరణ ఒకటి, సరిపోనిది ఒకటి మనమే రాసుకోవాలి. 'రూమ్మేట్' అనేది సౌష్ఠవ సంబంధం. నువ్వు నాకు రూమ్మేట్ అయితే నేనూ నీకు రూమ్మేట్‌నే. 'సీనియర్' అలా కాదు. కానీ సీనియర్‌కి సీనియర్ మనకూ సీనియరే కాబట్టి అది సంక్రమణ సంబంధం.

చిన్న మాటలు: తెలుగు మీడియం నుంచి వచ్చిన మమ్మల్ని పెద్ద పదాలకంటే 'ఇఫ్', 'ఓన్లీ ఇఫ్' లాంటివే ఎక్కువ ముంచాయి. 'రాత్రి తొమ్మిది దాటితే గేటు మూసి ఉంటుంది' అన్నది నిజమే. అంతమాత్రాన గేటు మూసి ఉంటే తొమ్మిది దాటిందని కాదు. కుక్కలు వస్తున్నాయని వాచ్‌మన్ ఆరింటికే మూసి ఉండవచ్చు. ఒక వాక్యం నిజమైనంత మాత్రాన దాన్ని తిరగేసిన వాక్యం నిజం కానక్కర్లేదు.

లెక్కలు చేయడం: ఇచ్చిన రోజే మొదలుపెట్టాలి. ముందు చిన్న సంఖ్యలతో చేసి చూడాలి. 8 గదుల్లో 25 మంది ఉంటే ఏదో ఒక గదిలో కనీసం నలుగురు ఎందుకుండాలి? గదికి ముగ్గురు చొప్పున సర్దితే 24 మందే పడతారు. ఇలా చేసుకుంటూ వెళ్తే పెద్ద లెక్క కూడా లొంగుతుంది. రోసెన్ రాసిన పుస్తకంలో బేసి నంబరు లెక్కలకే వెనక జవాబులుంటాయి. వాటితో సాధన చేసి, సరి నంబరు లెక్కలు సొంతంగా చేయండి.

కలిసి చదవడం: ఇది మానక్కర్లేదు. నలుగురం కూర్చుని ఎంతైనా వాదించుకునేవాళ్లం. కానీ రాసేటప్పుడు పుస్తకాలన్నీ మూసి, ఎవరి మంచం మీద వాళ్లు కూర్చుని రాశాం. అలా రాయలేకపోతే మాకింకా అర్థం కానట్టే. ఎవరైనా జవాబు అడిగితే 'ఎక్కడ ఆగావు?' అని అడిగాం. మొదట్లో స్వార్థపరులమని మాటలు పడ్డాం. ఇచ్చే జవాబు ఆ రాత్రికే పనికొస్తుందని, చెప్పే దారి పరీక్ష హాలు దాకా వస్తుందని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. సెమిస్టర్ చివర నలుగురం పాసయ్యాం.

మా ఇళ్లల్లో లెక్క చెప్పేవాళ్లు లేరు. మీలో చాలామందికీ ఉండరు. అందుకే ఒకమాట. పండుగ సెలవులకు మేము ఊరికి వచ్చినప్పుడు హాస్టల్‌కు తప్పక వస్తాం. సగం చేసి ఆగిపోయిన లెక్కలు దాచి ఉంచండి. జవాబు మాత్రం అడగవద్దని మనవి.