కొత్త కెర్నెలు కూలినప్పుడు

రాత్రి ఆపరేటింగు సిస్టమును కొత్త కూర్పునకు మార్చితిమి. తెల్లవారి చూడగా కంప్యూటరు నల్లని తెరపై తెల్లని అక్షరములను చూపి నిలిచిపోయినది. డిస్కునందు పిల్లల చిత్రములును, గతించిన తల్లి కంఠస్వరమును కలవు. ఆ తొందరలో తోచు ఉపాయము డిస్కును చెరిపి సిస్టమును మరల ఎక్కించుట. చేయరాని పని అదియే.

కెర్నెలు అనగా యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమనుండు అధికారి. ప్రోగ్రాము దారి తప్పినచో కెర్నెలు దానిని ఆపును. కెర్నెలే తప్పినచో ఆపువారెవరు? అట్టి స్థితిలో పని సాగించినచో ఫైళ్లు చెడవచ్చును గనుక అది తానే ఆగిపోవును. లినక్సులో దీనిని కెర్నెల్ పానిక్ అందురు. ఆగుట ఇచట ఒక రక్షణ.

మొదట, యంత్రము మేల్కొనునప్పుడు వచ్చు పట్టికలో పాత కెర్నెలును ఎన్నుకొనవలెను. సాధారణముగా అది తొలగింపబడదు. ఫెడోరా వంటి కూర్పులు మామూలుగా మూడింటిని నిలుపును. పాతది నడచినచో ముఖ్యమైన ఫైళ్లను వెంటనే వేరొక డిస్కునకు ఎత్తుకొనవలెను. యంత్రభాగములపై అనుమానము తగ్గి, కొత్తదానిపైకి మరలును.

పిదప తెరపై అక్షరములను ఫొటో తీసి చదువవలెను. మూల ఫైలు వ్యవస్థ దొరకలేదని యున్నచో, కెర్నెలుకు తొలిమెట్టుగా నుండు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అను ఫైలు సరిగా తయారు కాకపోయి యుండవచ్చును. బూట్ విభాగము నిండిపోవుట దీనికొక కారణము. గ్రాఫిక్సు మాడ్యూలు పేరు కనబడినచో, అది కొత్త కెర్నెలుకు తగినట్లు మరల నిర్మింపబడినదా యని చూడవలెను. వ్రాత మిగులకుండ కూలినచో కేడంప్ అను ఏర్పాటు కలదు. ముందుగా కేటాయించిన మెమరీలో రెండవ కెర్నెలు మేల్కొని, మొదటిదాని స్థితిని ఫైలుగా భద్రపరచును.

అప్పటికిని కారణము తెలియనిచో? రెండు కెర్నెలు కూర్పుల నడుమ పదివేలకు మించిన మార్పులుండును. రేడియో బాగుచేయువాడు సర్క్యూటును నడుమ పరీక్షించి, దోషము ముందరి సగముననా, వెనుకటి సగముననా యని తేల్చును గదా! లినక్సు నిపుణులును గిట్ అను సాధనముతో మార్పులను సగము సగము చేసి పరీక్షింతురు. పదివేలకైనను పదునాలుగు పరీక్షలు చాలును. దోషము ఒక్క మార్పువద్ద దొరకును. దానిని కెర్నెలు నిర్మాతలకు తెలిపినచో సవరణకు దారి యేర్పడును.

అంతవరకు పాత కెర్నెలుతోనే పని జరుపుకొనవచ్చును. కాని భద్రతా సవరణలు కొత్తదానిలోనే వచ్చును గనుక, దానిని శాశ్వతముగా నమ్ముకొనరాదు.