‘వెనక కిర్రుమంటోంది సార్’.. మీ జవాబేంటి?

‘పాత కారు. గతుకుల్లో వెనక నుంచి కిర్రు కిర్రుమని చప్పుడొస్తోందని కస్టమర్ చెప్పాడు. ముందు ఏం చేస్తారు?’ మెకానికల్, ఆటోమొబైల్ చదివి సర్వీస్ అడ్వైజర్ ఉద్యోగానికో, ట్రైనీ పోస్టుకో వెళ్తే ఇలాంటి ప్రశ్న ఎదురుకావచ్చు. నాకు ఎదురైంది. ‘షాక్ అబ్జార్బర్లు మారుస్తాను సార్’ అన్నాను ధీమాగా. ‘చూడకుండానే మార్చేస్తారా?’ అన్నారు. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది.

బుద్ధి వచ్చిందా అంటే అదీ లేదు. మా నాన్న పాత వ్యాగన్-ఆర్ విషయంలో అదే తప్పు, ఈసారి సొంత డబ్బుతో చేశాను. వెనక రెండు షాక్‌లూ కొత్తవి వేయించినా చప్పుడు అలాగే ఉంది. చివరికి నార్కట్‌పల్లిలో హైదరాబాద్-విజయవాడ హైవే పక్కనున్న చిన్న షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ అన్న ఒక్కటే అడిగాడు. ‘తమ్మీ, పాత షాక్‌లు ఆయిల్ కారినయా? లేదు కదా. మరెందుకు మార్చినవ్?’

ఆ తర్వాత ఆయన స్పానర్ ముట్టలేదు. ప్రశ్నలు వేశాడు. గతుకు పడ్డప్పుడేనా, సాఫీ రోడ్డు మీద కూడానా? బ్రేక్ నొక్కితే మారుతుందా? వెనక సీట్లో మనుషులుంటే ఎక్కువా, తక్కువా? వాన పడ్డ రోజు వస్తుందా? ఈ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. వాన పడితే ఆగుతుంది, రెండ్రోజులు ఎండ కాస్తే మళ్లీ మొదలు. ఆయన నవ్వాడు. సగం రోగం అక్కడే తెలిసిపోయిందట.

ఎందుకో చూడండి. పాత వ్యాగన్-ఆర్, మారుతి 800 లాంటి కార్లలో వెనక చక్రాల మధ్య గట్టి యాక్సిల్ ఉంటుంది. దాన్ని ట్రైలింగ్ ఆర్మ్‌లు, అడ్డంగా ఉండే లేటరల్ రాడ్ బాడీకి కలిపి పట్టుకుంటాయి. ఆ కీళ్లన్నిటిలోనూ రబ్బరు బుష్‌లే. అవి ఎండిపోయి పగిలితే లోహానికీ రబ్బరుకూ మధ్య రాపిడి మొదలవుతుంది. తడి తగిలితే కాసేపు జారుడు వచ్చి చప్పుడు ఆగుతుంది.

అందుకే అసలు పరీక్షకు కావాల్సింది ఒక నీళ్ల స్ప్రే బాటిల్, సాయానికి ఒక స్నేహితుడు. ముందు డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, స్టెప్నీ, వెనక సీటు లాక్, డిక్కీ డోర్ రబ్బరు.. ఇవీ కిర్రుమంటాయి. తర్వాత సమతలంగా ఉన్నచోట కారు ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి. ఇది చాలామంది మర్చిపోతారు. హ్యాండ్‌బ్రేక్ వేసి ఊపితే బిగుసుకున్న బ్రేకులే మూలిగి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తాయి. ఇప్పుడు స్నేహితుడు వెనక మూలను కిందికి నొక్కి ఊపుతుంటే మీరు చెవి పెట్టి వినండి. వదిలాక కారు ఒకసారి లేచి ఆగిపోతే షాక్ ఫర్వాలేదు. ఊగుతూనే ఉన్నా, షాక్ ఒంటి మీద ఆయిల్ తడి కనిపించినా దాన్ని అనుమానించాలి.

ఇక ఒక్కో బుష్ మీదే నీళ్లు కొట్టండి. ఒకటి తడపడం, ఊపడం, వినడం.. తర్వాతే ఇంకోటి. అన్నీ ఒకేసారి తడిపితే ఏది దొంగో తెలియదు. మా కారులో ఎడమ ట్రైలింగ్ ఆర్మ్ ముందు బుష్ తడవగానే చప్పుడు ఠక్కున ఆగింది. ఓమ్ని, అంబాసిడర్ అయితే వెనక ఉండేవి పట్టీ స్ప్రింగులు. పట్టీల మధ్య చేరిన దుమ్ము కూడా ఇలాగే అరుస్తుంది. గతుకులతో పనిలేకుండా వేగంతో పాటు పెరిగే ‘గూ..’ శబ్దమైతే దారి వేరు, బేరింగ్ వైపు చూడాలి.

కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్మి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. బుష్ మీద ఇంజిన్ ఆయిల్ పోసే చిట్కా కూడా వద్దు. రెండ్రోజులు నోరు మూయిస్తుంది, తర్వాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కొత్త బుష్ వేశాక బోల్టును చివరగా బిగించేది కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలిపడి, త్వరగా చిరుగుతుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క చెప్పినా, మీరు పుస్తకం దాటి వచ్చారని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

బుష్ మార్చాక కారును చెర్వుగట్టు ఘాట్ రోడ్డు ఎక్కించాం, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి మరీ. ఖాళీ కారులో వినిపించనిది బరువులో బయటపడొచ్చు కదా. ఏ చప్పుడూ లేదు.

డిప్లొమా, బీటెక్ అయిపోయినవాళ్లు నాట్స్ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. సర్వీస్ సెంటర్‌లో చోటు దొరికితే రోడ్ టెస్టుకు వెళ్లే సీనియర్ పక్క సీటు అడిగి మరీ తీసుకోండి. రెజ్యూమెలో ‘సస్పెన్షన్ పరిజ్ఞానం ఉంది’ అని రాసేకన్నా ఏ కారు, ఏ చప్పుడు, ఎలా పట్టుకున్నారో రెండు లైన్లు రాయండి. నా రెజ్యూమెలో ఆ రెండు లైన్లు చేరాక వెళ్లిన ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు వాటి మీదే మాట్లాడించారు.

తీసేసిన ఆ పాత షాక్‌లు ఇప్పటికీ మా అటక మీదే ఉన్నాయి. రెండూ బాగానే పనిచేస్తాయి.