మార్కెట్‌లోకి... మెల్లగా!

తిరుమల శ్రీవారికీ డీమ్యాట్ ఖాతా ఉందని తెలుసా? భక్తులు షేర్లను కానుకగా ఇచ్చేందుకు టీటీడీ 2015లో దాన్ని తెరిచింది. మన కరకంబాడి అమరరాజా షేర్లూ ఎక్స్ఛేంజీల్లో రోజూ చేతులు మారుతుంటాయి. కాబట్టి మార్కెట్ అంటే ముంబయి వాళ్లదే అనుకోవద్దు. అలాగని తొందరా పడొద్దు.

ఖాతా ఎలా?: 18 ఏళ్లు నిండి పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే ఆన్‌లైన్‌లోనే తెరవొచ్చు. బ్రోకర్ పేరు సెబీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

ఏ డబ్బు?: కోచింగ్ ఫీజు, హాస్టల్ బిల్లు, అప్పు తెచ్చిన సొమ్ము అస్సలు వద్దు. మూణ్నెల్ల ఖర్చులకు సరిపడా బ్యాంకులో ఉంచాక, స్టైపెండ్‌లోనో తొలి జీతంలోనో మిగిలిందే పెట్టండి.

దేనితో మొదలు?: నెలకు రూ.500 సిప్‌తో నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్. మీ సొమ్ము 50 పెద్ద కంపెనీలకు సర్దుకుంటుంది. దీనికి డీమ్యాట్ కూడా అక్కర్లేదు. మార్కెట్ పడితే దీని విలువా తగ్గుతుంది. అయిదారేళ్లు ఆగగలిగితేనే దిగండి.

దేనికి దూరం?: ఫ్యూచర్స్, ఆప్షన్స్‌కు. 2021-22 నుంచి మూడేళ్లలో వీటిలో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024లో తేల్చింది. ‘పక్కా లాభం’ అంటూ టెలిగ్రామ్‌లో టిప్స్ ఇచ్చేవాళ్లు మీ నష్టంలో వాటా పంచుకోరు.

కొలువు మాటేంటి?: సెబీ నెలకొల్పిన ఎన్ఐఎస్ఎం సర్టిఫికేషన్ పరీక్షలు రాయండి. బ్రోకింగ్, మ్యూచువల్ ఫండ్ సంస్థల్లో ఉద్యోగాలకు పనికొస్తాయి. జేబులో డబ్బు లేనప్పుడు మార్కెట్‌ను చదవడమే అసలు పెట్టుబడి!