ఒకే గేమ్‌కి ఇన్ని ధరలెందుకు?

కనిగిరిలో కూర్చుని చూసినా ఒకే గేమ్ పీసీలో ఒక ధర, ప్లేస్టేషన్‌లో ఇంకో ధర. ఎందుకు?

ఊళ్లో ఎరువుల కొట్టు ఒక్కటే ఉంటే బేరం ఆడగలమా? పీసీకి స్టీమ్, ఎపిక్, జీఓజీ అంటూ బోలెడు దుకాణాలు. డిస్కు పెట్టే చోటు లేని ప్లేస్టేషన్‌కి మాత్రం సోనీ స్టోరే దిక్కు.

కమీషన్ కూడా వేరువేరు. స్టీమ్ మామూలుగా 30 శాతం తీసుకుంటుంది. ఎపిక్ 2018లో 12 శాతంతోనే దుకాణం తెరిచింది. ఆ మిగులు కొనేవాళ్లకు దక్కుతుందా? చాలాసార్లు గేమ్ తయారుచేసినవాళ్ల దగ్గరే ఆగిపోతుంది!

స్టీమ్ 2015 నుంచి రూపాయల్లో అమ్ముతోంది. డాలరు ధరను లెక్కగట్టి అలాగే పెట్టాలనేం లేదు, గేమ్ తయారుచేసినవాళ్లు మన దేశానికి విడిగా ధర పెట్టుకోవచ్చు. అందుకే కొన్ని ఇక్కడ చవక.

మరి పోల్చేదెలా? పీసీ గేమ్‌లకు ‘ఈజ్ దేర్ ఎనీ డీల్’, ప్లేస్టేషన్ లాంటి కన్సోళ్లకు ‘డెకూ డీల్స్’ పాత ధరలు కూడా చూపిస్తాయి. ‘75 శాతం తగ్గింపు’ అనే బోర్డు కన్నా, ఇదివరకు ఎంతకు దిగిందో చూడండి.